ఎడమవైపు సీటు

మా నాన్న విశాఖపట్నం నుంచి అరకుకి వంద సార్లకు తక్కువ కాకుండా వెళ్లాడు. అరకుని చూసింది మాత్రం మొన్న డిసెంబర్లోనే.

ఇందులో తిరకాసేమీ లేదు. ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టినవాడు రోడ్డునే చూస్తాడు. లోయని చూసేది వెనక సీట్లో కూర్చున్నవాళ్లు. పైకి చేరాక వాళ్లు దిగి ఫోటోలు తీసుకుంటుంటే, డ్రైవర్ వెనక చక్రం కింద రాయి పెట్టి, బోనెట్ ఎత్తి, నీళ్లు చూసుకుంటాడు. ఇరవై ఏళ్ల పాటు మా నాన్నకి అరకు అంటే ఆ రాయి, ఆ బోనెట్, ఆ మలుపులు. అంతే.

పోయిన భాగంలో మా పేట కుళాయి గురించి రాశాను. ఈ భాగం మా కారు గురించి. కొంచెం పొడుగు. ఓపిక చేసుకుని చదవండి.

మాది 1997 మోడల్ మారుతి 800. తెల్ల కారు. ఇప్పుడు పాత గోడకి వేసిన సున్నం రంగులోకి వచ్చింది. ఇలాంటి బండ్లున్న వాళ్లంతా ఏటా డిసెంబర్లో ఒక ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కలుస్తారు. అక్కణ్ణుంచి వరసగా అరకు వెళ్తారు. రాత్రి అక్కడే ఉండి మర్నాడు దిగుతారు. ఈసారి నలభై బండ్లకు పైనే వచ్చాయి. రాజమండ్రి, విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్ నుంచి కూడా వచ్చారు. నా సహోద్యోగి ఒకాయన బలవంతం మీద నేనూ పేరిచ్చాను. నాన్న వస్తానంటేనే వెళ్దామనుకున్నాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, "బ్రేకులు నేను సూసినాకే" అన్నాడు.

డిసెంబర్‌కి ఒక కారణం ఉంది. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు హర్పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి ఇచ్చారు. అప్పటిదాకా మన దేశంలో కారంటే అంబాసిడర్, లేకపోతే ప్రీమియర్ పద్మిని. ఈ బండి వాటి పక్కన బొమ్మలా ఉండేది. 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు. ధర దాదాపు 50 వేలు. జీతం మీద బతికేవాడు కారు కొనొచ్చని మొదటిసారి చాలామంది నమ్మింది ఈ బండిని చూసే. 2014 జనవరిలో తయారీ ఆపేసే నాటికి మన దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. హర్పాల్ సింగ్ ఆ కారుని చివరిదాకా అమ్మలేదు.

ఆ తాళాల ఫోటో మీరూ చూసే ఉంటారు. దేశ ప్రధాని ఒక మామూలు ఉద్యోగికి తాళాలిచ్చిన ఫోటో. నేను దాన్ని చూసినప్పుడల్లా చేతుల వైపే చూస్తాను. ఎందుకో చెప్తాను.

మా కారు మాది కాక ముందు విశాఖలో ఒక కాంట్రాక్టర్ గారిది. ఆయన దగ్గర మా నాన్న డ్రైవరు. ముందు అంబాసిడర్ నడిపాడు, 97 నుంచి ఈ బండి. పొద్దున ఏడింటికల్లా కారు కడిగి నిలబడాలి. ఆయన బయటికొచ్చి తాళం బోనెట్ మీద పెట్టేవారు. నాన్న తీసుకునేవాడు. రాత్రి ఇంటికొచ్చాక నాన్న తాళం బోనెట్ మీద పెట్టేవాడు. ఆయన తీసుకునేవారు. చేతి నుంచి చేతికి ఒక్కసారి కూడా మారలేదు. ఆయన నాన్నని తిట్టలేదు, జీతం ఎగ్గొట్టలేదు, పండక్కి బట్టలు పెట్టేవారు. తన పెళ్లాం పిల్లల్ని ఘాట్ మలుపుల్లో నాన్న చేతుల్లో పెట్టేవారు. తాళాన్ని మాత్రం పెట్టలేదు.

2006లో ఆయన పెద్ద కారు కొని దీన్ని తీసేస్తానంటే, నాన్న తన చీటీ డబ్బులు, అమ్మ గాజులు కలిపి 38 వేలకి కొన్నాడు. ఆ రోజు కూడా తాళం బోనెట్ మీదే ఉంది.

ఆ సాయంత్రం కారు మా పేటలోకి వచ్చింది. పిల్లలు వెనకాల పరిగెత్తారు. రోడ్డు వారన కూర్చున్న పెద్దమనుషులు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎవరి కారురా?" నాన్న అలవాటు కొద్దీ కాంట్రాక్టర్ గారి పేరే చెప్పాడట. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది. నాన్న నవ్వడు.

ఇక ప్రయాణానికి వస్తాను.

బీచ్ రోడ్డులో బండ్లు వరసగా నిలబడ్డాయి. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉన్నాయి. ఎర్రవి, నీలివి, వెండి రంగువి. ఒకాయన బండి సీట్లకి ఇంకా కంపెనీ ప్లాస్టిక్ కవర్లే ఉన్నాయి. పేర్లు రాసుకునే చోట ఒక ఫారం ఇచ్చారు. బండి మోడల్, ఇంజిన్ నంబరు, ఆ తర్వాత "మొదటి యజమాని పేరు", "యజమానితో మీ బంధుత్వం". ఒకే కుటుంబంలో మొదటి నుంచీ ఉన్న బండికి ప్రత్యేక జ్ఞాపిక ఉందట.

నా వెనక నిలబడ్డ పెద్దాయన చాలా మర్యాదస్తుడు. మాట కలిపారు.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను.

"అక్కడ ఎవరి తాలూకు?"

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు కదా. నేను మా కాలేజీ పేరు చెప్పాను. ఆయన వదల్లేదు.

"నాన్నగారు ఏం చేసేవారు?"

"డ్రైవరండీ."

"ఓహో. ఏ డిపార్ట్‌మెంట్‌లో?"

"డిపార్ట్‌మెంట్ కాదండీ. ఈ కారుకే."

ఆయన కారు వైపు చూశారు. నాన్న వైపు చూశారు. "మంచిది, మంచిది" అని ఫారంలో తల పెట్టేశారు. నేను ఫారంలో మొదటి యజమాని గడి ఖాళీగా వదిలి, కింద మార్జిన్‌లో రాశాను: మొదటి రోజు నుంచి నడిపినవారు, మా నాన్న.

పెందుర్తి దాటి కొత్తవలస మీదుగా శృంగవరపుకోట రోడ్డెక్కాం. నేను నడుపుతున్నాను. నాన్న ఎడమవైపు ముందు సీట్లో ఉన్నాడు. ఆయనకి ఆ సీటు సరిపడలేదు. లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ముందు లారీ కనిపిస్తే కుడి చెయ్యి దానంతటదే గేరు దగ్గరికి వచ్చేది. కోట దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

బండి నడపడం ఒకటి, బండిలో ప్రయాణించడం ఒకటి. ఈ రెండింటి మధ్య కులం ఎక్కడ నిలబడుతుందో అంబేద్కర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. 1901లో ఆయన అన్నతో కలిసి మసూర్ స్టేషన్లో దిగితే, వీళ్లు మహర్ల పిల్లలని తెలిసి ఒక్క ఎడ్లబండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి బండి తామే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచి వచ్చేట్టు బేరం కుదిరింది. 1929లో చాలీస్‌గావ్‌లో మళ్లీ అదే. అప్పటికాయన బారిస్టరు. టాంగావాళ్లు ఆయన్ని కూర్చోబెట్టుకుని తోలడం తమకి తక్కువనుకున్నారు. మహర్‌వాడ వాళ్లు టాంగా అద్దెకి తెచ్చి, అలవాటు లేని మనిషి చేత తోలించారు. వంతెన మీద చక్రం రాళ్లలో ఇరుక్కుని ఆయన కింద పడ్డారు. కాలు విరిగింది.

క్లాసులో ఈ ఘట్టం చెప్పినప్పుడు పిల్లలు ఎక్కువగా విరిగిన కాలు దగ్గర ఆగుతారు. నేను ఆ టాంగావాడి దగ్గర ఆగుతాను. చదువులో, సంపాదనలో, పదవిలో అన్నిట్లోనూ తనకంటే పైనున్న మనిషిని కూర్చోబెట్టుకుని తోలడం వాడికి నామోషీ. అదే మనవాడు వాళ్లని కూర్చోబెట్టుకుని తోలితే ఎవరికీ నామోషీ లేదు. మా నాన్నకి డ్రైవరు పని దొరకడం కష్టం కాలేదు. ఎడమవైపు సీటు దొరకడానికి అరవై ఏళ్లు దాటాల్సి వచ్చింది.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది. నాన్న నోరు అప్పుడు తెరిచాడు. "సెకండేసుకో. ఇంజిన్ ఏడిసిందాకా ఉండకూడదు, ముందే దించాల." పాత 800కి నాలుగే గేర్లు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉంటామో, దిగేటప్పుడూ అదే గేరులో ఉండాలని, పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దించేవాడు ఇంటికి రాడని ఆయన నాకు పద్దెనిమిదో ఏట నేర్పిన పాఠం. ఇరుకు మలుపులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నదీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. అందుకని ఆ నియమం.

టైడా దాటాక మా ముందున్న ఎర్ర బండి పక్కకి ఆగింది. బోనెట్ కింద నుంచి ఆవిరి వస్తోంది. ఉష్ణోగ్రత ముల్లు పైకి కొట్టేసింది. నడుపుతున్నది ముప్పై లోపు కుర్రాడు, పక్కన భార్య, వెనక చంటిపిల్ల. రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన అప్పటికే తల దూర్చి రేడియేటర్ మూత మీద చెయ్యేశారు. నాన్న కారు దిగీ దిగకముందే అరిచాడు: "మూత తియ్యకండి బాబూ, మొహం కాలిపోద్ది!"

తర్వాత ఒక్క నిమిషం చూశాడు. ఫ్యాన్ తిరగడం లేదు. వేడెక్కితే ఫ్యాన్‌ని తిప్పాల్సిన స్విచ్ చచ్చిపోయింది. ఇంజిన్ చల్లబడేదాకా ఆగి, స్విచ్ వైర్లు రెండూ పీకి కలిపేశాడు. ఫ్యాన్ తిరిగింది. "పైదాకా హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించీయండి. మీకు ఉక్కపోద్ది గానీ ఇంజిన్ బతుకుద్ది."

అంతా చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడికి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబులోంచి తాళం తీసి నాన్న చేతిలో పెట్టాడు. "అంకుల్, నాకు ధైర్యం చాలట్లేదు. పైదాకా మీరే నడిపేయండి. మా ఆవిడా పాపా మీతో వస్తారు. నేను వెనక కూర్చుంటా."

చేతిలోనే పెట్టాడు. గౌరవంగానే పెట్టాడు. ఆ పిల్లవాడి మనసులో ఏ చెడూ లేదు. అయినా నా గుండె ఒక్కసారి ఆగింది. నాన్న వేళ్లు తాళం మీద ముడుచుకోవడం నేను చూశాను. ఇరవై ఏళ్ల అలవాటు అది. అక్కడ బోనెట్‌లో తల పెట్టిన మగవాళ్లు ఆరుగురున్నారు. ఆ ఆఫీసరు గారు నలభై ఏళ్లుగా 800 నడుపుతున్నానని బీచ్ రోడ్డు నుంచీ చెప్తూనే ఉన్నారు. తాళం ఆయన దగ్గరికి వెళ్లలేదు. పని తెలిసిన చెయ్యి ఏదో, పని చెప్పదగ్గ చెయ్యి ఏదో మన దేశంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

నాన్న తాళాన్ని ఒకసారి చూసుకుని కుర్రాడి చేతిలోనే మళ్లీ పెట్టాడు.

"మా అమ్మాయి బండిలో ఎల్తన్నాను బాబూ. నువ్వే ఎక్కిస్తావు. సెకండ్ దాటకు. నీ ఎనకాలే మేముంటాం, మలుపు ముందర హారన్ కొడతా ఉండు."

వచ్చి ఎడమవైపు కూర్చున్నాడు. ఆ తర్వాత లేని బ్రేకు తొక్కడం మానేశాడు.

అనంతగిరి వైపు ఎక్కుతుంటే చలి మొదలైంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, వాటి మీద పాకిన మిరియం తీగలు. బొర్రా దగ్గర కొండలు చూపించి నాన్న అడిగాడు: "ఈటిని తవ్వకుండా ఎలాగొదిలీసేరో?" వదిలేయలేదు. ఈ అనంతగిరి మండలంలోనే గనులకి లీజులిచ్చారు. గిరిజనులు, సమత అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. మా కారు రోడ్డెక్కిన ఏడాదే. మేం నలభై బండ్ల వాళ్లం ఆగి ఆగి ఫోటోలు తీసుకున్న ఆ పచ్చదనం వెనక కోర్టుల చుట్టూ తిరిగిన మనుషులున్నారు. రోడ్డు పక్కన బొంగు చికెన్ కాలుస్తూ, కాఫీ గింజలు అమ్ముతూ కూర్చున్న ఆడవాళ్ల ఊళ్లవి ఆ కొండలు. ఈ మాట మా వాళ్లలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఒకావిడ కాఫీ కొంటూ బేరమాడడం మానేసింది. అంతవరకు నయమే.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర బండ్లన్నీ ఆగాయి. నాన్న దిగగానే రాయి కోసం వెతికాడు. అప్పటికే నేను పెట్టేశాను. బోనెట్ వైపు వెళ్లాడు. "అది కూడా నేను చూస్తాలే, నువ్వు అటు పో" అన్నాను.

వెళ్లి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. ఒక మడత వెనక ఒక మడతగా కొండలు, మధ్యలో పొగమంచు. కింద మేం ఎక్కి వచ్చిన రోడ్డు అక్కడక్కడా దారంలా కనిపిస్తోంది. పది నిమిషాలు అలాగే ఉన్నాడు. నేను పక్కకి వెళ్లాక అన్నాడు:

"ఇంత లోతుంటదని తెలిస్తే ఆ రోజుల్లో నడిపీవోణ్ణి కాదమ్మా."

ఇద్దరం పడీపడీ నవ్వాం. అందరూ మా వైపు తిరిగి చూశారు.

నేను డాక్టరేట్ చేసింది తెలుగు సాహిత్యంలో కాబట్టి నా బుర్ర ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. దారి పొడుగునా దృశ్యాలు వర్ణించడం మన కావ్యాల్లో పాత అలవాటు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘానికి దారి చెప్తాడు. కొండలు, నదులు, నగరాలు. ఆ యక్షుడికి శాపం ఉంది గానీ దానికి ఏడాది గడువుంది. గడువు తీరితే తనే ఇంటికి పోతాడు. జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు సందేశం పంపేవాడు అంటరానివాడు. వాడి శాపానికి గడువు లేదు. వాడు గబ్బిలానికి చరిత్ర ఉన్న ఊళ్లూ, కోటలూ, నదులూ ఒక్కొక్కటే చెప్పి కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపుతాడు. గుడిలో గబ్బిలానికి అడ్డు లేదు, వాడికి ఉంది. ఆ దారి అందమంతా ప్రయాణం చెయ్యలేనివాడి నోటి నుంచి వస్తుంది. ఎన్నో ఏళ్లుగా పాఠం చెప్తున్నాను. రెయిలింగ్ దగ్గర నాకు ఇంకో సంగతి తట్టింది. ఆ పద్యాల్లో మనవాడికి దారి తెలుసు, వెళ్లే వీల్లేదు. మా నాన్న వెళ్లాడు, వందసార్లు. చూసే వీల్లేదు. జీతం రోడ్డుని చూసినందుకు గానీ లోయని చూసినందుకు కాదు.

రాత్రి అరకులో మంట వేసుకుని చుట్టూ కూర్చున్నాం. ఒక్కొక్కరు తమ బండి కథ చెప్పారు. తాతగారు కొన్నది. నాన్నగారి మొదటి ప్రమోషన్. పెళ్లిలో మామగారు పెట్టింది. పురిటినొప్పులతో ఆస్పత్రికి తీసుకెళ్లింది. మంచి కథలే. విని నాకూ గొంతు పట్టేసింది. కానీ ఒకటి గమనించాను. ఆ కథల్లో చాలా వాటిలో ఎవరో డ్రైవరున్నాడు. "డ్రైవర్‌ని పంపారు", "డ్రైవర్ తెచ్చాడు". ఒక్క కథలోనూ అతనికి పేరు లేదు. జ్ఞాపకాలకి కూడా ఆర్సీ బుక్కు ఉంటుందేమో. అందులో యజమాని పేరుకే గడి ఉంటుంది.

మా వంతు వచ్చినప్పుడు నేను లేవబోతే నాన్నే లేచాడు. మైకు తీసుకోలేదు.

"ఈ బండి రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. ఓనరుగారు ఓ నాలుగైదు వేలు తిప్పుంటారు. మా అమ్మాయి ఓ పదిహేను వేలు. మిగిలిందంతా నాది."

అని కూర్చున్నాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ ఎర్ర బండి కుర్రాడు చప్పట్లు మొదలుపెట్టాడు. జ్ఞాపిక ప్లాస్టిక్ కవర్ల సీట్లాయనకి వెళ్లింది. వాళ్ల నిబంధన ప్రకారం అదే న్యాయం. దాని గురించి నాకు గొడవ లేదు. నిర్వాహకుల దగ్గరికి వెళ్లి ఒక్కటే అడిగాను: వచ్చే ఏడు ఫారంలో "మొదటి యజమాని" పక్కన "నడిపినవారి పేరు" అని ఇంకో గడి పెట్టండి. "చూద్దాం మేడం" అన్నారు. చూద్దాం. నేనైతే మళ్లీ గుర్తు చేస్తాను.

మీలో చాలామంది ఇళ్లల్లో స్టీరింగ్ పట్టిన చేతులున్నాయి. ఆర్టీసీ డ్రైవర్లు, లారీ డ్రైవర్లు, దొరల కార్లు తోలినవాళ్లు, ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో క్యాబ్‌లు నడుపుతున్న తమ్ముళ్లు. దేశమంతా తిరిగి ఏమీ చూడనివాళ్లు వాళ్లే. కారు మీది కాకపోయినా ఫర్వాలేదు, అద్దెకి తీసుకోండి. ఒక్క ఆదివారం వాళ్లని ఎడమవైపు కూర్చోబెట్టి కొండకో సముద్రానికో తీసుకెళ్లండి. చక్రం కింద రాయి మీరే పెట్టండి. వాళ్లు ఏమన్నారో నాకు రాయండి. పేర్లతో సహా రాయండి.

జై భీమ్.